థ్రాటిల్ బాడీ బోరింగ్ డైరీ: ఆటోనగర్ లేతుకీ కోయంబత్తూరు వర్క్‌షాపుకీ మధ్య ఒక ఎస్టీమ్

బండి 2004 మారుతి ఎస్టీమ్. 1298 సీసీ, 16 వాల్వుల, సిలిండరుకొక పెట్రోలు ఇంజెక్టరుండే ఎంపీఎఫ్‌ఐ, కాగితం మీద 85 హార్స్‌పవర్. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్ చేయించుకుని తిరుగుతోంది. ఇంజను లోపల ఏదీ ముట్టుకోలేదు. వాల్వులను తెరిచే కామ్ కంపెనీదే, సైలెన్సరు కూడా కంపెనీదే. థ్రాటిల్ బాడీ అంటే పెడల్ తొక్కినకొద్దీ ఇంజన్లోకి గాలిని వదిలే లోహపు గొట్టం. ఇందులో థ్రాటిల్ వైరుతో నడుస్తుంది. పెడల్ కింద వైరు లేకుండా మోటారుతో తెరుచుకునే థ్రాటిల్ ఉన్న కొత్త బండ్లకు ఇందులో సగం పనికిరాదు.

పని ఇదీ: ఆ బాడీ 42 మి.మీ. బోరును (లోపలి రంధ్రాన్ని) 45కి పెంచడం, మధ్యలో అడ్డంగా ఉండే షాఫ్టును పలచన చేయడం, కొత్త బోరుకు తగ్గ, షాఫ్టు మీద తిరుగుతూ గాలి దారిని తెరిచి మూసే బటర్‌ఫ్లై బిళ్ల వేయడం. ఒకటి నేను చేసుకున్నాను, ఒకటి చేయించాను. రెండూ ఇదే బండి మీద కొలిచాను. నాలాగా ఎవరైనా దిగబోతుంటే, కనీసం నా తప్పులు మళ్లీ చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

స్టేజ్ 1: కొలవడం, విప్పడం

బండి మీదున్న బాడీని కోయకూడదని ముందే అనుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లో ఇంకోటి దొరికింది, థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో చెప్పే టీపీఎస్ సెన్సరుతో కలిపి రూ. 1,200.

నా బాడీ కొలతలు:

బోరు: 42.0 మి.మీ.
షాఫ్టు: 8.0 మి.మీ.
బిళ్ల మందం: 1.5 మి.మీ.
బిళ్ల వ్యాసం: షాఫ్టు వెంబడి 41.95, దానికి అడ్డంగా 42.27 మి.మీ.
పోత (అచ్చులో పోసిన లోహం) గోడ, పలచటి చోట: 4 మి.మీ.
థ్రాటిల్ మూసినప్పుడు టీపీఎస్ వోల్టేజి: 0.62

బిళ్లకు రెండు వైపులా రెండు కొలతలు వచ్చాయి చూశారా? వెర్నియర్ సరిగ్గా పట్టుకోలేదేమో, లేదా పాత బిళ్ల అరిగిందేమో అనుకుని "సుమారు 42" అని రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్క నాకు రూ. 750, ఐదున్నర గంటలు తినిపించింది.

లెక్క మాత్రం ముందే వేసుకున్నాను. పూర్తిగా తెరిచినప్పుడు కూడా గాలికి షాఫ్టు అడ్డమే. 42 బోరు వైశాల్యం 1385 చదరపు మి.మీ. అయితే, 8 మి.మీ. షాఫ్టు అందులో 336 మింగేస్తుంది. మిగిలేది 1049. షాఫ్టు అలాగే ఉంచి 45కి బోరు చేస్తే 1230, అంటే 17 శాతం ఎక్కువ. బోరు ముట్టుకోకుండా షాఫ్టును 5 మి.మీ.కి పలచన చేస్తే 1175, అంటే 12 శాతం. రెండూ చేస్తే 30 శాతం. అందరూ బోరు సైజే చెప్పుకుంటారు గానీ షాఫ్టు సంగతి ఎవరూ ఎత్తరు.

విప్పే పద్ధతి:

1. టీపీఎస్ విప్పేముందు సెన్సరు మీదా బాడీ మీదా కలిపి ఒక గీత గీయండి.
2. బిళ్లను పట్టుకునే రెండు చిన్న స్క్రూల తోకలు వెనకవైపు నొక్కేసి ఉంటాయి, ఊడి ఇంజన్లో పడకుండా. ముందు ఆ నొక్కిన భాగాన్ని చిన్న గ్రైండింగ్ రాయితో అరగదీయాలి. తర్వాతే స్క్రూ తిప్పాలి.
3. జపాన్ డిజైను స్క్రూలకు మన మామూలు స్టార్ స్క్రూడ్రైవరు పూర్తిగా కూర్చోదు. జారి తల పాడవుతుంది.
4. బిళ్లకు ఇంజను వైపు ఏదో గుర్తు పెట్టి బయటికి లాగండి.
5. షాఫ్టు చివర్ల సీళ్లు దాచుకోండి. వాటి మీద కార్బ్ క్లీనర్ కొట్టకండి, ఉబ్బుతాయి.

నేను 2, 3 పాటించలేదు. మొదటి స్క్రూ తల అరిగిపోయింది, డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది.

ఇంకోటి. బిళ్ల అంచు తగిలేచోట బోరు లోపల నల్లగా ఒక పూత కనిపిస్తుంది. మసి అనుకుని గీకకండి. చాలా బాడీలకు కంపెనీవాళ్లే గాలి కారకుండా వేసే పూత అది. బోరు చేస్తే ఎలాగూ పోతుంది. పోయాక దాని పని మన బిళ్ల అంచే చేయాలి.

ఖర్చు: బాడీ 1,200, గ్యాస్కెట్లు 120, క్లీనర్ 320, ఫీలర్ గేజి (సందులు కొలిచే సన్నటి రేకులు) 180, స్క్రూలు 40.
ఇప్పటివరకు: రూ. 1,860. గంటలు: 5.5

స్టేజ్ 2: మొదటి బోరు, గుండ్రటి బిళ్ల

ఆటోనగర్‌లో మాకు పాత పరిచయం ఉన్న లేతు మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాను. బాడీని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంతకి లేపమంటావ్ బాబూ?" అన్నాడు.

"45 బాబాయ్."

"లోపల గుండ్రమేగా. టీ తాగొచ్చేలోపు ఇస్తా."

నిజంగానే టీ తాగొచ్చేసరికి ఇచ్చాడు. వెర్నియర్ పెడితే 45.0, లోపల అద్దంలా ఉంది. 1.5 మి.మీ. ఇత్తడి రేకు కొని, దాన్నే 44.95కి గుండ్రంగా కోయించి ఇంటికొచ్చాను.

చేత్తో తిప్పిచూస్తేనే తేడా తెలిసిపోయింది. పాత బిళ్ల ఒకచోటికొచ్చి "టక్"మని ఆగేది. ఇది బోరుకు సరిగ్గా అడ్డంగా వచ్చి, అక్కడ ఇరుక్కుని, స్ప్రింగు లాగినా వదలడం లేదు. థ్రాటిల్ ఇరుక్కోవడమంటే కాలు తీసినా బండి ఆగకపోవడం. ఈ పని చేసేవాళ్లు బండికి బిగించకముందే చేత్తో వంద సార్లు తెరిచి వదలండి. వందసార్లూ దానంతటదే మూసుకోవాలి.

నేనేం చేశాను? స్టాప్ స్క్రూ తిప్పి, బిళ్ల ఇరుక్కునే చోటికి రాకుండా కొంచెం ముందే ఆగేలా పెట్టి బండికి బిగించాను. పెడల్ తొక్కనప్పుడు 800 ఆర్‌పీఎం దగ్గర ఉండాల్సిన ఐడ్లింగ్ 1,900కి పోయింది. ఇంజను వేడెక్కాక ఇంకో విడ్డూరం: 1,400కి పడటం, 2,000కి లేవడం, మళ్లీ పడటం, ఊపిరి తీసుకుంటున్నట్టు.

కారణం తర్వాత అర్థమైంది. ఈ ఇంజన్లో ఈసీయూ, అంటే ఇంజను కంప్యూటరు, గాలిని మ్యాప్ సెన్సరు చెప్పే మానిఫోల్డు (థ్రాటిల్ నుంచి సిలిండర్లకు గాలిని పంచే గొట్టాలు) ప్రెషరుతో లెక్కేస్తుంది. థ్రాటిల్ పక్కనుంచి ఎక్కువ గాలి వస్తే దానికి తగ్గ పెట్రోలు కూడా పోస్తుంది. అందుకే ఇంజను దగ్గదు, హెచ్చరిక లైటు వెలగదు, ఊరికే స్పీడు పెరుగుతుంది. టీపీఎస్ చూస్తే థ్రాటిల్ మూసి ఉంది, స్పీడు చూస్తే 2,000. "వీడు గేర్లో ఉండి కాలు తీశాడు" అనుకుని ఈసీయూ పెట్రోలు ఆపేస్తుంది. స్పీడు పడగానే మళ్లీ పోస్తుంది. ఆ ఊపు అదే.

రాత్రి బాడీ విప్పి, గదిలో లైటు ఆర్పి, బిళ్ల వెనక మొబైల్ టార్చి పెట్టాను. పైన ఒక నెలవంక, కింద ఒక నెలవంక. షాఫ్టు పక్కన రెండు వైపులా చీకటి. చూడగానే ఆ 41.95, 42.27 గుర్తొచ్చాయి.

థ్రాటిల్ బిళ్ల గుండ్రంగా ఉండదు. కొంచెం కోడిగుడ్డు ఆకారం. మూసినప్పుడు బోరుకు సరిగ్గా అడ్డంగా కాకుండా కొన్ని డిగ్రీలు వాలి ఆగుతుంది, అందుకే ఇరుక్కోదు. వాలిన బిళ్ల గుండ్రటి బోరును మూయాలంటే ఆ దిక్కున పొడవు ఎక్కువ ఉండాలి. 41.95ని 42.27తో భాగించి కాస్ విలోమం తీస్తే 7 డిగ్రీలు. గుండ్రటి బిళ్లను 7 డిగ్రీలు వాల్చి ఆపితే పైన ఒకటి, కింద ఒకటి చీలికలు మిగులుతాయి. నా లెక్కలో ఆ చీలికలు మొత్తం సుమారు 15 చదరపు మి.మీ. అంటే బిళ్లకు 4.4 మి.మీ. బెజ్జం పెట్టినట్టే. అంత బెజ్జం నుంచి వచ్చే గాలి ఈ ఇంజను ఐడ్లింగుకు కావలసినదానికంటే ఎక్కువ. ఐడ్లింగ్ గాలిని సర్దే ఐఏసీ వాల్వు పూర్తిగా మూసుకున్నా చేయగలిగింది లేదు.

ఖర్చు: లేతు 600, ఇత్తడి 150.
ఇప్పటివరకు: రూ. 2,610. గంటలు: 11

స్టేజ్ 3: వాలు బిళ్ల, చెమటపట్టిన గోడ

45ను కాస్ 7 డిగ్రీలతో భాగిస్తే 45.34. కోడిగుడ్డు ఆకారాన్ని ఆకురాయితో చేయబోకండి, రాదు. లేతు మీద వచ్చే పద్ధతి:

1. 50 మి.మీ. అల్యూమినియం కడ్డీ ముక్క చివరను 7 డిగ్రీల వాలుగా కోయండి. అదే వాలుతో ఇంకో ముక్క కూడా.
2. పాత బిళ్ల స్క్రూ బెజ్జాల కొలతతో ఇత్తడి రేకుకు ముందే బెజ్జాలు వేయండి. వాలు దిక్కు మీద ఒక గీత.
3. రేకును రెండు వాలు ముక్కల మధ్య పెట్టి స్క్రూలతో బిగించండి.
4. మొత్తాన్ని గుండ్రంగా 45.0కి కోయండి. చివరి 0.2 మి.మీ. చాలా సన్నగా, 0.02 చొప్పున.
5. విప్పితే ఒక దిక్కు 45.0, ఇంకో దిక్కు 45.34. అంచు కూడా కావలసిన వాలుతో దానంతటదే వస్తుంది.

బాబాయ్‌కి ఇది బాగా నచ్చింది. "ఇదీ పని" అని, రూ. 500 అడిగినవాడు 400 తీసుకున్నాడు.

బిళ్ల వేస్తే ఒక పక్క గోడకు తగిలి ఆగిపోయింది, ఎదురు పక్క గోరు పట్టేంత సందు. షాఫ్టు బెజ్జాల్లో 8 మి.మీ. కడ్డీ దూర్చి, కడ్డీ నుంచి గోడకు రెండు వైపులా దూరం కొలిచాను. ఒకవైపు 19.1, ఇంకోవైపు 17.9. అంటే బోరు 0.6 మి.మీ. పక్కకు పోయింది. అప్పుడు వెలిగింది: బాబాయ్ బాడీని లేతు చక్‌లో పట్టింది బయటి పోత మీద. పోత పైభాగం గరుకు, దానికీ లోపలి బోరుకూ సంబంధం లేదు. తప్పు ఆయనది కాదు. దేన్ని ఆధారంగా పట్టాలో చెప్పాల్సింది నేను. నేను టీకి వెళ్లాను.

సూది ఆకురాయితో బిళ్ల బెజ్జాలను కొంచెం సాగదీసి పక్కకు జరిపాను. టార్చి పెడితే వెలుగు దాదాపు లేదు. బిగించాను. ఐడ్లింగ్ 1,250, అంతకంటే దిగలేదు. బిళ్ల మూసుకుంటున్నా ఎక్కడినుంచో గాలి వస్తోంది.

బాడీ పక్కనే ఐఏసీకి వెళ్లే బైపాస్ దారి ఉంటుంది. ఒక చివర వేలితో మూసి అందులో కిరసనాయిలు పోసి, బోరు వైపు చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలకు నున్నటి గోడ మీద ఆవగింజంత తడి మచ్చ. అది మెల్లగా పెద్దదై కిందికి కారింది. బోరు పక్కకు పోయినందువల్ల అక్కడ 1.5 బదులు 2.1 మి.మీ. లేచింది. మిగిలిన పలచటి గోడలో పోత బుడగ ఏదో బయటపడింది. ఎపాక్సీ పెట్టొచ్చని ఒకరు సలహా ఇచ్చారు. గాలి పోయే దారిలో, కింద కూలెంట్ వేడి తగిలేచోట అతికించిన ముక్కను ఇంజను ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. ఈ బాడీ తుక్కుకిందే లెక్క.

ఖర్చు: లేతు 400.
ఇప్పటివరకు: రూ. 3,010. గంటలు: 16

స్టేజ్ 4: మొట్టమొదట చేయాల్సిన కొలత

కంపెనీ బాడీ మళ్లీ బిగించాను. అసలు ఈ ఇంజనుకు 42 బోరు అడ్డమవుతోందా అన్న ప్రశ్న ఇప్పటికి వచ్చింది. సిగ్గుగానే ఉంది.

నా బండి ఈసీయూతో ఫోను యాపులు మాట్లాడవు. అందుకని మ్యాప్ సెన్సరు సిగ్నల్ వైరుకు మల్టీమీటరు పెట్టాను. పని:

1. తెలిసిన మెకానిక్ దగ్గర చేతి వాక్యూమ్ పంపు అరువు తెచ్చి సెన్సరుకు తగిలించాను. ఒక కిలోపాస్కల్ తగ్గితే 0.038 వోల్టు తగ్గుతోంది.
2. తాళం ఆన్, ఇంజను ఆఫ్: 4.02 వోల్టులు. ఇది బయటి గాలి ప్రెషరు.
3. ఫిల్టరుకూ థ్రాటిల్‌కూ మధ్య గొట్టానికి సన్నటి పారదర్శక ట్యూబు పెట్టి, దాన్ని యు ఆకారంలో వంచి అట్టకు కట్టి నీళ్లు పోశాను. 10.2 సెంటీమీటర్ల నీళ్లు అంటే ఒక కిలోపాస్కల్.
4. తెల్లవారుజామున ఐదున్నరకు అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు. సెకండ్ గేరు, పెడల్ పూర్తిగా తొక్కి 5,500 ఆర్‌పీఎం వరకు. పక్క సీట్లో మా బావమరిది, ఒళ్లో అట్ట, చేతిలో మీటరు.

"బావా, నీళ్లు లోపలికి పోతాయేమో" అని వాడి భయం. పోవు, ట్యూబు తగినంత పొడవు పెట్టాను.

మొదటి రోజు ఫలితం: 3.88 వోల్టులు, నీళ్ల తేడా 22 సెం.మీ. అంటే బయటి గాలికీ మానిఫోల్డుకీ మధ్య మొత్తం నష్టం 3.7 కిలోపాస్కల్స్. అందులో ఫిల్టరు, గొట్టాలే 2.2 తింటున్నాయి. థ్రాటిల్ వాటా 1.5, మహా అయితే 1.6. వంద కిలోపాస్కల్స్‌లో ఒకటిన్నర. థ్రాటిల్ బాడీని పీకి పారేసి ఉత్త రంధ్రం పెట్టినా 85లో ఒకటింపావు హార్స్‌పవరు వస్తే గొప్ప. బోరు పెంచితే అందులో మూడోవంతు.

రూ. 260 పెట్టి కొత్త ఫిల్టరు వేశాను. నీళ్లు 22 నుంచి 13 సెంటీమీటర్లకు దిగాయి. వోల్టేజి 3.91. 0.9 కిలోపాస్కల్ లాభం, పది నిమిషాల పని, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదు, నాలుగు క్లిప్పులు. ఆ పాత ఫిల్టరు మొహం చూసి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు.

ఇక్కడితో ఆపేసి ఉండాల్సింది. కానీ అప్పటికే కోయంబత్తూరులో ఒకరితో మాట్లాడి ఉన్నాను. పైగా బోరు నా చేత్తో ఒక్కసారైనా సరిగ్గా మూసుకోవాలన్న పంతం.

ఖర్చు: ట్యూబు 90, ఫిల్టరు 260.
ఇప్పటివరకు: రూ. 3,360. గంటలు: 21

స్టేజ్ 5: కోయంబత్తూరు

రేసు ఇంజన్లు కట్టే వర్క్‌షాపు. పేరు అక్కర్లేదు. కోయంబత్తూరు ఈ పనులకు పేరున్న ఊరు, కార్ల రేసు ట్రాక్ కారి స్పీడ్‌వే పక్కనే ఉంది. ఫోనులో నా ముక్కల ఇంగ్లీషు విని ఆయన తెలుగులోకి దిగాడు. అక్కడ తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి.నాయుడు గారు కూడా ఆ కోవవారే.

"క్యామ్ మార్చినారా?"

"లేదండీ."

"పొగ గొట్టం మార్చి హెడ్డర్ వేసినారా?"

"లేదండీ."

"మరి ఇది ఎందుకు చేస్తారు? పవరు రాదు. పెడల్ కొంచెం తొక్కితే ఎగిరినట్టు ఉంటుంది, అంతే."

డబ్బు తీసుకునేముందే చెప్పాడు. తెలిసే చేయిస్తున్నానని చెప్పి ఇంకో స్పేర్ కొన్నాను. అదే కొట్టు, ఈసారి రూ. 1,500. అవసరం మొహంలో కనిపించిందేమో. పెట్టి పంపాను.

వారం అన్నది పద్దెనిమిది రోజులైంది, మధ్యలో సంక్రాంతి సెలవులు కలిశాయి. వచ్చిన బాడీ:

బోరు 44.5, నేనడిగిన 45 కాదు. "బైపాస్ పక్కన గోడ పలచన, 45 అయితే పోత తెరుచుకుంటుంది" అని చీటీ. నేను రూ. 3,010 పెట్టి తెలుసుకున్నది ఆయనకు చూడగానే తెలిసింది.
షాఫ్టు మందం 5.5. అంతకంటే తీస్తే వంగుతుందట.
గాలి లోపలికొచ్చే మూతి అంచు గుండ్రంగా తీర్చి ఉంది.
బిళ్ల స్క్రూలు వదులవకుండా థ్రెడ్ లాకరు జిగురు వేసి, తోకలు మళ్లీ నొక్కి ఉన్నాయి.
ఫీలర్ గేజిలో అన్నిటికంటే సన్నటి 0.03 రేకు ఎక్కడా దూరలేదు. టార్చి పెడితే చీకటి.

ఒకే లోపం. టీపీఎస్ గీతకు కాకుండా అడ్డదిడ్డంగా బిగించి ఉంది. మూసినప్పుడు 0.94 వోల్టు. అలా వదిలితే పెడల్ కొంచెం తొక్కి ఉందని ఈసీయూ అనుకుంటుంది. రెండు స్క్రూలు వదులు చేసి 0.62కి తిప్పుకున్నాను. పనిచేయించుకున్న బాడీ వస్తే మొదట ఇది చూడండి.

బిగించేముందు మానిఫోల్డు మూతి. అది 42.5, బాడీ 44.5. మధ్యలో మిల్లీమీటరు మెట్టు వదిలితే గాలి అక్కడ తగులుకుంటుంది. మానిఫోల్డు విప్పి కింద పెట్టి, గ్యాస్కెట్‌ను కొత్త బోరుకు కోసి గీత గీసి, డై గ్రైండరుతో తీశాను. అల్యూమినియానికి వెడల్పు పళ్ల బర్ (గ్రైండరుకు తగిలించే కోత ముక్క) వాడండి. సన్న పళ్లలో లోహం అతుక్కుపోతుంది. మధ్యమధ్య కిరసనాయిలు చుక్క. మానిఫోల్డు ఇంజను మీద ఉండగా మాత్రం ఈ పని చేయొద్దు. పొడి అంతా వాల్వుల్లోకి పోతుంది.

స్టార్ట్ చేశాను. ఐడ్లింగ్ 850. ఏసీ వేస్తే ఒకసారి తలవంచి మళ్లీ నిలబడింది. అంతే. మొదటిసారి ఏ గొడవా లేకుండా మూసుకున్న థ్రాటిల్.

ఖర్చు: బాడీ 1,500, కొరియర్ రానూపోనూ 680, పని 8,500, బర్ 350.
ఇప్పటివరకు: రూ. 14,390. గంటలు: 25

స్టేజ్ 6: రెండో ప్రయత్నం, ఇంట్లో

మూడో స్పేర్, మళ్లీ 1,500. ఈసారి మార్చినవి:

1. బాడీని పోత మీద పట్టలేదు. మానిఫోల్డుకు తగిలే ఫ్లాంజి మిషను మీద చదును చేసినది, దాన్ని మందపాటి ప్లేటుకు నాలుగు బోల్టులతో బిగించి, ఆ ప్లేటును నాలుగు దవడల చక్‌లో పట్టాం.
2. సన్న తేడాను ముల్లుతో చూపించే డయల్ గేజిని కంపెనీ పాత బోరు లోపల పెట్టి తిప్పుతూ 0.02లోపుకు తెచ్చాం. షాఫ్టుకు సరిగ్గా మధ్యలో ఉన్నది ఆ పాత బోరే, ఇంకే గుర్తూ నమ్మక్కర్లేదు. దీనికే 40 నిమిషాలు. ఈసారి టీ అక్కడికే తెప్పించాను.
3. బోరు 44.5. చివరి కోత 0.05, ఒకే విడతలో.
4. 8 మి.మీ. కడ్డీ దూర్చి రెండు వైపులా కొలిచాం: 18.25, 18.25. బాబాయ్ ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
5. పాత వాలు ముక్కలతోనే కొత్త బిళ్ల. పొడవు దిక్కు 44.83.

షాఫ్టు దగ్గర మళ్లీ దెబ్బ. వైస్‌లో ఒక చివర పట్టి ఆకురాయితో 8 నుంచి 5.5కి తీశాను. రోలరు మీద పెట్టి చూస్తే మధ్యలో 0.15 వంపు. ఒకవైపే పట్టి, ఒకవైపు నుంచే తీసినందుకు. సరిచేయబోతే స్క్రూ బెజ్జం దగ్గర ఇంకా వంగింది. తుక్కు బాడీ షాఫ్టు అప్పుడు పనికొచ్చింది. రెండోదాన్ని వి ఆకారపు దిమ్మ మీద పూర్తి పొడవునా ఆనించి, రెండు వైపులా మార్చిమార్చి తీశాను. 0.03 వంపు వచ్చింది, అదీ చాలు.

స్క్రూలు కొత్తవి, థ్రెడ్ లాకరు, ఆపై తోకలు పంచితో నొక్కడం. ఈ రెండూ తప్పనిసరి. ఒక స్క్రూ ఊడితే నేరుగా సిలిండరులోకి పోతుంది, అప్పుడు ఈ డైరీ ఇంజను రీబోరింగ్ డైరీ అవుతుంది.

ఫీలర్ గేజి: 0.05 రేకు కింద ఒకచోట దూరింది, 0.08 దూరలేదు. టార్చి పెడితే అక్కడ వెంట్రుకంత వెలుగు. ఐడ్లింగ్ చల్లగా 1,000, వేడెక్కాక 900. ఐఏసీ పట్టుకోగలిగింది. ఊపు లేదు.

ఖర్చు: బాడీ 1,500, లేతు 900, కడ్డీ 60, థ్రెడ్ లాకరు 210.
ఇప్పటివరకు: రూ. 17,060. గంటలు: 38

స్టేజ్ 7: మూడూ ఒకే రోడ్డు మీద

అదే రోడ్డు, అదే వేళ, అదే బావమరిది, కొత్త ఫిల్టరుతో. ఒక్కో బాడీకి థర్డ్ గేరులో 40 నుంచి 80 కిలోమీటర్లకు ఐదేసి సార్లు. స్పీడోమీటరును వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టాను.

కంపెనీ బాడీ: 3.91 వోల్టులు, సగటు 7.6 సెకన్లు
కోయంబత్తూరు: 3.93 వోల్టులు, 7.5 సెకన్లు
నాది: 3.93 వోల్టులు, 7.6 సెకన్లు

ఒకే బాడీతో ఐదుసార్లలో 0.2 సెకను అటూ ఇటూ వస్తోంది, అందుకే ఈ సెకన్ల తేడాకు అర్థం లేదు. వోల్టేజి తేడా నిజమే: 0.02, సుమారు అర కిలోపాస్కల్. 25 శాతం వైశాల్యం పెరిగితే లెక్క ప్రకారం రావాల్సిందీ అంతే. అర హార్స్‌పవరు అనుకోవచ్చు. నా మీటరు 0.01 కంటే సన్నగా చూపించదు కాబట్టి రెండు బాడీల్లో ఏది మెరుగో పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు తేలదు.

తేడా అంతా పెడల్ మొదటి అంగుళంలో ఉంది. పెద్ద బోరుతో అదే కాస్త తొక్కుడికి ఎక్కువ గాలి వస్తుంది, బండి ఎగిరినట్టుంటుంది. మొదటి రోజు నేనూ మోసపోయాను, ఇంటికొచ్చి "బాగా లాగుతోంది" అని కూడా చెప్పాను. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ట్రాఫిక్‌లో ఫస్ట్ గేరులో పాకుతుంటే అదే గుణం కుదుపుగా మారింది. వెనక సీట్లోంచి అమ్మ, "డ్రైవింగ్ మర్చిపోయావా నాన్నా?" అంది.

డబ్బు లెక్క విడిగా: కోయంబత్తూరు బాడీ చేతికి రూ. 10,680, నా గంటలు సున్నా. నా మూడోది ఒక్కటే చూస్తే 2,670, 13 గంటలు. దాని వెనక తుక్కైన మొదటిది కూడా కలిపితే 5,680, 29 గంటలు. నాదానికీ ఆయనదానికీ ఉన్న తేడా 0.05 రేకు దూరిన ఆ ఒక్క చోటు. గాలి ఎక్కువ పోనివ్వడానికి లేతు, పది నిమిషాలు చాలు. ఆయన తీసుకున్న 8,500 మూసుకోవడానికి.

ఇప్పుడు బండి మీద కంపెనీ బాడీయే ఉంది, కొత్త ఫిల్టరుతో. కోయంబత్తూరుది నూనె గుడ్డలో చుట్టి పెట్టాను, ఎప్పుడైనా కామ్ మారిస్తే తీస్తాను. నాది ఆరువందల కిలోమీటర్లు తిప్పి విప్పి చూశాను. బిళ్ల అంచు బోరు మీద సన్నటి మెరుపు గీత వేసింది, గోరుకు మాత్రం తగలడం లేదు. కిరసనాయిలు కారిన మొదటిదాన్ని బాబాయ్ అడిగి తీసుకున్నాడు. లేతు పక్క కిటికీలో పెట్టాడు. మొన్న ఒక కుర్రాడు బైకు థ్రాటిల్ పట్టుకొస్తే, దాన్ని అతని చేతిలో పెట్టి, "ముందు దీన్ని చూడు, తర్వాత ఎక్కడ పట్టాలో నువ్వే చెప్పు" అంటున్నాడు.